ఏప్రిల్ చలిలో డైస్-కె

కిందటి వేసవిలో బాస్టన్ వెళ్లినప్పుడు ఫ్రామింగ్‌హామ్‌లో ఉంటున్న మా బంధువుల ఇంట్లో దిగి, ఒక ఉదయం పని మీద ఊళ్లోకి రైలెక్కాను. బ్యాక్ బేకి ముందు వచ్చే స్టేషన్‌ను 'లాన్స్‌డౌన్' అని ప్రకటించేసరికి, దాటవలసిన చోటు దాటిపోయానేమోనని కంగారుపడి కిటికీలోంచి చూశాను. నేను ఆ దారిలో రోజూ ఉద్యోగానికి తిరిగిన కాలంలో ఆ స్టేషన్ పేరు యాకీ. బేస్‌బాల్ ఆట ఉన్న సాయంత్రాలలో ఆ చిన్న ప్లాట్‌ఫారం ఎర్ర టోపీలతో, నీలం చొక్కాలతో నిండిపోయేది. ఆట లేని రోజున అక్కడ దిగేవాళ్లు బహు కొద్దిమంది. ఇప్పుడక్కడ లిఫ్టులు, వంతెనలు, విశాలమైన ప్లాట్‌ఫారాలు వచ్చాయి. బాస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌ను దశాబ్దాలపాటు ఏలిన యజమాని టామ్ యాకీ పేరును 2018లో ఆ జట్టు ఆడే ఫెన్‌వే పార్కు పక్క వీధి నుంచీ, 2019లో ఈ స్టేషన్ నుంచీ తొలగించారు. అమెరికా పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాణ్ణి అందరికంటే చివరగా, 1959లో, ఆడించిన జట్టు ఆయనదే కనుక, ఆ మార్పు న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయినా చెవికి అలవాటైన పేరు వినిపించకపోయేసరికి మనసు చివుక్కుమంది.

దిగవలసిన పని లేకపోయినా దిగాను. లాన్స్‌డౌన్ వీధిలోకి రాగానే, బండి మీది పెనంపై ఉల్లిపాయ చీలికలు, క్యాప్సికం ముక్కలు నూనెలో మగ్గుతున్న వాసన తగిలింది. ఆ వాసనతో నాకు గుర్తుకొచ్చేది ఒకే ఒక్క సాయంత్రం. అది 2007 ఏప్రిల్ 11, బుధవారం. జపాన్ నుంచి వచ్చిన పిచర్, అంటే బంతి విసిరేవాడు, డైసుకె మత్సుజాకా ఫెన్‌వే పార్కులో మొదటిసారి బంతి వేసిన రోజు.

*

ఆ ఆట కోసం ఊరు ఊరంతా అంతగా ఎందుకు ఎదురుచూసిందో చెప్పాలంటే ముందటి చలికాలానికి వెళ్లాలి. జపాన్‌లో సెయ్‌బు లయన్స్ జట్టుకు ఆడుతున్న మత్సుజాకాతో మాట్లాడే హక్కు కోసమే రెడ్ సాక్స్ యాజమాన్యం 5 కోట్ల 11 లక్షల 11 వేల 111 డాలర్ల 11 సెంట్లకు వేలం పాడింది. ఆ డబ్బు ఆటగాడికి కాదు, అతని పాత జట్టుకు వెళుతుంది. ఆపైన అతనికి ఆరేళ్లకు 5 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం. డిసెంబరులో యజమాని సొంత విమానం అతన్ని కాలిఫోర్నియా నుంచి బాస్టన్ శివార్లలోని హాన్స్‌కమ్ విమానాశ్రయానికి తీసుకువస్తుంటే టీవీ వాళ్లు ఆ రాకను ప్రత్యక్షంగా చూపించారు. మా ఆఫీసులో పని ఆగిపోయింది. విమానం దిగడం తప్ప అందులో చూడడానికి ఏమీ లేకపోయినా అందరం చూశాం.

మా టెస్టింగ్ బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. డార్చెస్టర్‌లో పుట్టి పెరిగిన ఐరిష్ కుటుంబం వారిది. 1918 తర్వాత 2004 దాకా, అంటే 86 ఏళ్లపాటు, రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్, అంటే ఏటా లీగుల విజేతల మధ్య జరిగే చివరి పోటీ, గెలవలేదు. ఆయన తండ్రి ఆ గెలుపు చూడకుండానే పోయారు. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే. మధ్యాహ్నం భోజనాల వేళ, నేను నా పెరుగన్నం డబ్బా, ఆయన తన శాండ్‌విచ్ పొట్లం విప్పుకుని కూర్చుంటే, ఒక కాగితం మీద గళ్లు గీసి స్కోరు రాయడం చూపించేవారు. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ దగ్గరివాడు 3, అలా. బ్యాటర్ కొట్టిన బంతి పిచర్ చేతికి చిక్కి, బ్యాటర్ పరుగెత్తి చేరేలోగా అతను దాన్ని మొదటి బేస్‌కు విసిరి అవుట్ చేస్తే గడిలో 1-3 అని రాయాలి. స్ట్రయికవుట్‌కు, అంటే మూడు మంచి బంతులను కొట్టలేక బ్యాటర్ అవుటైతే, కె. బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైతే తిరగేసిన కె. ఈ లెక్క తెలిస్తే, ఆట చూడనివాడు కూడా ఆ కాగితం చదివి ఆటంతా ఊహించుకోగలడు.

క్రికెట్‌తో పెరిగిన నాకు మొదట్లో ఈ ఆట రుచించలేదు. మనకు ఫుల్‌టాస్ అంటే బౌలర్ చేజారిన బంతి. ఇక్కడ ప్రతి బంతీ ఫుల్‌టాసే. నేలను తాకకుండా గాలిలోనే వంగాలి, జారాలి, చివరి క్షణంలో కిందికి పడిపోవాలి. పరుగెత్తుకు రావడమంటూ లేకుండా, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి అదంతా సాధించాలి. అది అర్థమయ్యాక ఇక నా కళ్లు పిచర్‌ను వదిలి మరొకరి మీద నిలవలేదు. ఇంటికి తిరిగి వెళ్లే రైల్లో చిన్న రేడియో చెవికి ఆనించుకుని వ్యాఖ్యాత జో కాస్టిగ్లియోన్ గొంతు వినడం వేసవి సాయంత్రాల అలవాటైపోయింది. చిన్నప్పుడు మా గుంటూరు ఇంటి అరుగు మీద ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి వ్యాఖ్యానం విన్నవాణ్ణి కాబట్టి, కళ్లతో చూడని ఆటను చెవులతో చూడడం నాకు కొత్త కాదు.

మత్సుజాకా వస్తున్నాడని తెలిశాక పెద్దాయనా నేనూ అతని కథంతా వెదికి చదివాం. 1998లో, జపాన్ హైస్కూలు పిల్లల కోషియెన్ పోటీల్లో, యోకొహామా బడి తరఫున పీఎల్ గాకుయెన్‌తో 17 ఇన్నింగ్స్ ఆడి ఒక్కడే 250 బంతులు వేశాడు (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, ఆట మామూలుగా తొమ్మిదితో ముగుస్తుంది). ఆ మర్నాడు సెమీఫైనల్లో చివరి ఇన్నింగ్స్ మాత్రమే వేశాడు. ఆపైన ఫైనల్లో అవతలి జట్టుకు ఒక్క హిట్ (బ్యాటర్ క్షేమంగా బేస్ చేరే దెబ్బ) కూడా ఇవ్వలేదు. 2006లో జరిగిన మొదటి వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఉత్తమ ఆటగాడు. గైరోబాల్ అనే వింత బంతి ఏదో అతని చేతిలో ఉందని పత్రికలు రాసేవి. పెద్దాయన అటువంటివి నమ్మేవారు కాదు, 250 బంతుల సంగతి మాత్రం పదే పదే చెప్పించుకునేవారు. డైసుకె అనే పేరు అమెరికన్ల నోట డైస్-కె అయింది. చివరి అక్షరం స్ట్రయికవుట్ గుర్తు కావడం జనానికి మరీ నచ్చింది.

*

మత్సుజాకా నిరాశపరచడన్న నా నమ్మకానికి ఇంకొక మూలం ఉంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 1999 నవంబరులో, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో జరిగిన వన్డేకి మిత్రులతో కలిసి వెళ్లాను. మేము వెళ్లింది సచిన్ కోసం. ఆయన 186 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ద్రావిడ్‌తో కలిసి 331 పరుగుల భాగస్వామ్యం, అప్పటికి ప్రపంచ రికార్డు. కాంక్రీటు మెట్ల మీద ఎండలో కూర్చుని గొంతు పోయేదాకా అరిచాం. గొప్పవాణ్ణి చూడాలని కష్టపడి వెళితే ఆ గొప్పవాడు నిరాశపరచడని ఆ రోజు నాలో పాతుకుపోయింది.

ఫెన్‌వేలో టికెట్ దొరకడమంటే మాటలు కాదు. 2003 మే నుంచి ఆ పార్కులో ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే వచ్చాయి, ఆ వరస 2013 దాకా తెగలేదు. పెద్దాయన అన్నదమ్ములు కలిసి ఏటా రెండు సీట్లు పంచుకునేవారు. ఆ బుధవారం ఆయన వంతు. ఆయన మోకాలి నొప్పితో రాలేనని చెప్పి ఆ రెండు టికెట్లూ నా బల్ల మీద పెట్టారు. డబ్బు తీసుకోలేదు, మర్నాడు స్కోరు కాగితం తెచ్చి చూపిస్తే చాలన్నారు. అప్పటి టికెట్లు దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చు వేసేవారు. నా టికెట్‌ను పర్సులో మడతపెట్టడానికి మనసొప్పక పుస్తకం మధ్య పెట్టుకున్నాను. ఇప్పుడంతా ఫోన్ తెర మీది గళ్ల బొమ్మ.

ఆ వారమంతా శకునాలు బాగున్నాయి. ఏప్రిల్ 5న కాన్సస్ సిటీలో జరిగిన తొలి ఆటలో మత్సుజాకా ఏడు ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క పరుగిచ్చి 10 మందిని స్ట్రయికవుట్ చేశాడు. సొంతగడ్డ మీద సీజన్ తొలి ఆటలో, అంటే ముందురోజు మంగళవారం, రెడ్ సాక్స్ ఇదే సియాటిల్ మెరినర్స్ మీద 14-3 తేడాతో గెలిచారు. మెరినర్స్ ఆటగాళ్లకు అభ్యాసం కూడా లేదు. క్లీవ్‌లాండ్‌లో వాళ్ల నాలుగు ఆటలనూ మంచు మింగేసింది. పైగా మెరినర్స్ తరఫున మొదట బ్యాటు పట్టేవాడు జపాన్ మేటి బ్యాటర్ ఇచిరో సుజుకి. 1999లో, కుర్రవాడైన మత్సుజాకా జపాన్‌లో ఇచిరోను తొలిసారి ఎదుర్కొన్న రోజున మూడుసార్లు స్ట్రయికవుట్ చేశాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు బాస్టన్‌లో తలపడబోతున్నారు.

*

నా రూమ్మేటు నెల్లూరు వాడు. బేస్‌బాల్ అంటే అతనికి ఆసక్తి లేదు, నా పోరు పడలేక వచ్చాడు. ఏప్రిల్ అయినా చలి ఎముకలు కొరుకుతోంది. మంకీ క్యాపులు, చేతి తొడుగులు, లోపల రెండు స్వెటర్లు. 1912లో కట్టిన పార్కు కనుక గ్రాండ్‌స్టాండ్‌లో ఇప్పటికీ ఇరుకైన కొయ్య కుర్చీలే. ఇనుప స్తంభాలు అక్కడక్కడా చూపుకు అడ్డం వస్తాయి. మా సీట్ల నుంచి రెండో బేస్ కనిపించాలంటే మెడ పక్కకు వంచాలి, పిచర్ దిబ్బ మాత్రం అడ్డు లేకుండా కనిపించేది. నాకు కావలసింది అదే.

మా పక్కన జపాన్ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషు, నా జపనీసు రెండూ అంతంతమాత్రమే అయినా మాటలు సాగాయి. మత్సుజాకా వీపు మీది 18 అంకెను చూపించి, మా దేశంలో ప్రతి జట్టులోనూ మేటి పిచర్‌కు ఇచ్చేది ఆ అంకేనని ఆయన చెప్పారు. చేతి గడియారం చూపించి, టోక్యోలో ఇప్పుడు గురువారం ఉదయం ఎనిమిది దాటిందనీ, మనవళ్లు బడికి వెళ్లకుండా టీవీ ముందు కూర్చుని ఉంటారనీ అన్నారు. ఆవిడ సంచిలోంచి వెచ్చదనమిచ్చే చిన్న రసాయన పొట్లాలు తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టారు. వద్దన్నా వినలేదు.

మత్సుజాకా దిబ్బ ఎక్కాడు. ఇచిరో తన అలవాటు ప్రకారం బ్యాటును పిచర్ వైపు నిలువుగా చాచి, ఎడమ చేత్తో చొక్కా భుజం సర్దుకున్నాడు. వేలాదిమంది లేచి నిలబడ్డారు. మత్సుజాకా రెండు చేతులూ తల మీదికి ఎత్తి, అక్కడ ఒక్క క్షణం నిలిపి, కాలు లేపి మొదటి బంతి వేశాడు. ఇచిరో బ్యాటు కదలలేదు. ఆ ఒక్క బంతికి పార్కు నాలుగు వైపులా కెమెరాలు తళతళమని మెరిసిన తీరు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇంకొన్ని బంతుల తర్వాత ఇచిరో కొట్టినది గెంతుతూ తిన్నగా పిచర్ దగ్గరికే వచ్చింది. పెన్సిల్ పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోయినా ఆ తొలి గడిలో 1-3 అని రాశాను. ఆ అంకెలు వంకరగా, లోతుగా పడ్డాయి. పక్కనున్న జపాన్ పెద్దాయన నా కాగితంలోకి తొంగి చూసి తల ఊపారు. ఆయన ఒళ్లోని పుస్తకంలోనూ అదే ఆట వేరే గుర్తులతో రాసుకుంటున్నారు.

మొదటి సగం మా కళ్లన్నీ మత్సుజాకా మీదే. అతను బాగానే వేశాడు. ఇచిరో నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ హిట్ లేకుండానే వెళ్లాడు. కానీ మిగతావాళ్లు ఇచిరోలు కారు కనుక అంత భయపడలేదు. ముఖ్యంగా మెరినర్స్ క్యాచర్ కెంజి జోజిమా, జపాన్‌లో అతన్ని ఎన్నోసార్లు ఎదుర్కొన్నవాడు, రెండో బేస్ దాకా చేర్చే డబుల్స్ రెండు కొట్టాడు. మత్సుజాకా ఏడు ఇన్నింగ్స్‌లో 8 హిట్లు, 3 పరుగులు ఇచ్చి, నలుగురిని స్ట్రయికవుట్ చేశాడు. ఏ పిచర్‌కైనా అది తలవంపుల లెక్క కాదు. ముందురోజు 14 పరుగులు చేసిన జట్టుకు 3 పరుగులు ఎంత?

అయితే అవతలి దిబ్బ మీద మరొకడున్నాడు. ఫెలిక్స్ హెర్నాండెజ్, వెనెజులా కుర్రవాడు, మూడు రోజుల కిందటే 21 ఏళ్లు నిండినవాడు. భారీ మనిషి, టోపీ కాస్త పక్కకు. అతని బంతి గంటకు 95 మైళ్లు దాటి వచ్చి, బ్యాటర్ దగ్గరికి రాగానే కిందికి దిగిపోయేది. మనవాళ్లు బ్యాటు ఊపితే బంతి పైభాగానికి తగిలి నేలమీద దొర్లేది. నా కాగితంలో 6-3, 4-3, 5-3 ఒకదాని కింద ఒకటి చేరాయి. మూడో ఇన్నింగ్స్, నాలుగో ఇన్నింగ్స్, ఐదో ఇన్నింగ్స్. మైదానం ఎడమ అంచున ఉన్న 37 అడుగుల పచ్చగోడ అడుగున, మనుషులు చేతులతో పలకలు మార్చే పాత స్కోరుబోర్డు ఉంది. ప్రతి ఇన్నింగ్స్ చివర బాస్టన్ వరసలో ఒక సున్నా తగిలించేవారు. హిట్ల గడిలోనూ సున్నాయే. ఆరో ఇన్నింగ్స్ తర్వాత జనం గొంతు మారింది. "ఏరా, మనం చూడడానికి వచ్చినవాడు ఇతనేనా?" అని రూమ్మేటు నిజంగానే అడిగాడు. ఆట తెలియని కళ్లకు ఆ రాత్రి ఎవరు గొప్పవాడో తెలిసిపోయింది.

మత్సుజాకా ఏడో ఇన్నింగ్స్ ముగించి దిగిపోయినప్పుడు చప్పట్లు వచ్చాయి, వెచ్చనివే, కానీ సాయంత్రం వేసిన కేకలతో పోల్చదగినవి కావు. నాకు గుండె బరువెక్కింది. స్ట్రయికవుట్లు తగ్గాయని కాదు. అతను మనిషేనని, అందరిలాగే హిట్లు ఇచ్చేవాడేనని ఆ ఊరు ఆ క్షణంలో గ్రహించిందని అనిపించింది. 17 ఇన్నింగ్స్ వేసిన ఆ కుర్రవాణ్ణి చూడాలని వచ్చాను. 26 ఏళ్ల మంచి పిచర్‌ను చూశాను. ఆ తేడా అతని లోపం కాకపోయినా బాధించింది.

ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో పార్కంతా కలిసి ఒక పాత పాట పాడడం అక్కడి ఆచారం. హిట్ లేకపోయినా పాడారు. నా ఎదుటి వరసలో ఒక తండ్రి నిద్రపోతున్న కొడుకును భుజాన వేసుకునే పాడాడు. ఆ వెంటనే జె.డి. డ్రూ మొదటగా వచ్చి బంతిని మధ్యలోంచి సెంటర్‌ఫీల్డ్‌కు కొట్టాడు. ఆ ఒక్క సింగిల్‌కు పార్కు చేసిన చప్పుడు గెలుపు చప్పుడు కాదు, అవమానం తప్పించుకున్న చప్పుడు. మా చుట్టూ కొందరు కేకలాపి హెర్నాండెజ్ కోసం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. పక్కనున్న జపాన్ పెద్దాయన లేచి నిలబడి కొట్టారు. నేనూ లేచాను. హెర్నాండెజ్ తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేసి, ఒకే ఒక్క హిట్ ఇచ్చి ఆట ముగించాడు. సియాటిల్ 3, బాస్టన్ 0.

ఆ రాత్రి యాకీ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడ్డ జనంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కొత్త 18 అంకె చొక్కాలు వేసుకున్న పిల్లలు చలికి ముడుచుకుని తల్లుల కోట్లలో దూరారు.

*

మర్నాడు మధ్యాహ్నం స్కోరు కాగితం పెద్దాయన ముందు పెట్టాను. శాండ్‌విచ్ పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని ఆయన గడి గడి చదివారు. చదువుతున్నంతసేపూ మత్సుజాకా మాటే ఎత్తలేదు. బాస్టన్ వైపు కాగితం మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ, ఈ కుర్రవాడు ఎంత దాకా వెళతాడో చూడమన్నారు. ఆయన చెప్పినట్టే హెర్నాండెజ్ చాలా దూరం వెళ్లాడు. 2012 ఆగస్టు 15న సియాటిల్‌లో టాంపా బే మీద 27 మందినీ వరసగా అవుట్ చేసి పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. వార్త చూడగానే ఆయనకు ఫోన్ చేస్తే, అక్కడ రాత్రి అయినా నా ఫోన్ కోసమే మేలుకుని ఉన్నారు.

మత్సుజాకాను ఆ ఒక్క రాత్రితో కొలిచినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ యేడు 15 ఆటలు గెలిచి, 201 మందిని స్ట్రయికవుట్ చేశాడు. అక్టోబరులో, అమెరికన్ లీగ్ టైటిల్ కోసం క్లీవ్‌లాండ్‌తో అదే ఫెన్‌వేలో జరిగిన ఏడో ఆట మొదలుపెట్టి గెలిచాడు. వరల్డ్ సిరీస్ మూడో ఆటలో, డెన్వర్‌లో, పిచర్‌గా గెలవడమే కాక తానే బ్యాటుతో రెండు పరుగులు తెచ్చాడు. 2008లో 18 గెలుపులు, మూడే ఓటములు. తర్వాత భుజం, మోచేయి మొరాయించాయి. 2011లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. చిన్నప్పుడు వేసిన ఆ 250 బంతులను మేమెంతగా మెచ్చుకున్నామో తలచుకుంటే ఇప్పుడు మనసు ఇబ్బంది పడుతుంది. పదిహేడేళ్ల పిల్లవాడి చేత అన్ని బంతులు వేయించకూడదు. జపాన్‌లోనూ ఇప్పుడు హైస్కూలు పిచర్లకు వారానికి ఇన్ని బంతులే అన్న హద్దు పెట్టారు.

2021 అక్టోబరులో, తన పాత సెయ్‌బు జట్టు తరఫునే, మళ్లీ 18 అంకెతో ఒకే ఒక్క బ్యాటర్‌కు బంతులు వేసి మత్సుజాకా ఆట విరమించాడు. ఆ బ్యాటర్ అదే యోకొహామా బడిలో చదివిన కెన్సుకె కొండో. అయిదు బంతుల్లో వాక్, అంటే నాలుగు బంతులు గురి తప్పి బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు వెళ్లాడు. అత్యంత వేగమైన బంతి గంటకు 118 కిలోమీటర్లు. డిసెంబరులో జరిగిన వీడ్కోలు సభకు ఇచిరో చెప్పకుండా పూలగుత్తితో నడిచివచ్చాడు. అతన్ని చూసి మత్సుజాకా ఏడ్చేశాడు.

ఆ వీడియోను పెద్దాయనకు పంపాను. ఆయన ఉద్యోగం మానేసి, రెడ్ సాక్స్ వసంతకాలపు శిక్షణ జరిగే ఫోర్ట్ మైయర్స్ దగ్గర స్థిరపడ్డారు. జవాబుగా మాటలేవీ రాయలేదు. క్లీవ్‌లాండ్‌తో జరిగిన ఆ ఏడో ఆటకు తాను స్వయంగా రాసిన స్కోరు కాగితాన్ని ఫొటో తీసి పంపారు. మత్సుజాకా పేరు కింద పెన్సిల్‌తో రెండు గీతలు ఉన్నాయి.